దీపం కనిపిస్తే దిగొచ్చు

“వాతావరణం అన్న మాట వాతతోనే మొదలవుతుంది. ఎవరో ఒకరికి పెట్టేదాకా ఊరుకోదు,” అంటూ డిటెక్టివ్ పడిశంగారు పరిశీలన గది తలుపు తోసి, లోపలికి రాకముందే మూడు తుమ్ములు తుమ్మారు.

ఆయనకి ఏడాదిలో పదకొండు నెలలు జలుబు, మిగిలిన ఒక్క నెలా జలుబు చేస్తుందేమోనన్న బెంగ. అందుకే పోలీసుల దగ్గర్నుంచి దొంగల దాకా అందరికీ ఆయన పడిశంగారే. యాభై దాటిన మనిషి. మెడకి మఫ్లరు, జేబులో మూడు రుమాళ్ళు, పక్కింటివాళ్ళకి కూడా వినపడే గొంతు. రహస్యాలు కూపీ లాగే వృత్తిలో ఉండి ఒక్క మాట కూడా రహస్యంగా చెప్పలేకపోవడం ఆయన ఘనత.

గదిలో ఇద్దరున్నారు. ఒకరు నవ్వలేదు, రెండోవారు నవ్వే స్థితిలో లేరు.

నవ్వనాయన విమాన కంపెనీ తరఫున విచారణకి వచ్చిన అధికారి. చొక్కా నలగదు, జుట్టు చెదరదు, ఎదుటి మనిషిని బల్ల మీద పరిచి సాపు చేసేదాకా వదలడు. ఆయన్ని ఇస్త్రీగారంటారు. ఆయనకీ పడిశంగారికీ పాత మడతపేచీలు చాలానే ఉన్నాయి.

నవ్వలేని ఆవిడ ఆ గదిలోనే ఉద్యోగం చేసే మనిషి. ఆకాశం చూసి, మబ్బు ఎంత ఎత్తులో ఉందో కింద కంట్రోలు గదికి ఫోన్లో చెప్పడం ఆవిడ పని. ఆ చిన్న విమానాశ్రయంలో అందరూ మబ్బులక్క అంటారు. నలభై దాటిన మనిషి, నాలుగు రోజుల్లో యాభై దాటినట్టు అయిపోయింది.

నాలుగు రోజుల కిందట పొద్దున్నే తొమ్మిది మందితో వచ్చిన చిన్న విమానం రన్‌వే అందుకోకుండా, దానికి ముందున్న తోటలో కూలబడింది. ఎవరి ప్రాణమూ పోలేదు. పైలట్ కాలు మాత్రం రెండు చోట్ల విరిగింది. మబ్బు అడుగు ఆరు వందల అడుగుల ఎత్తులో ఉందని మబ్బులక్క చెప్పింది. ఆ మాట పట్టుకుని పైలట్ కిందికొచ్చాడు. ఆరు వందల దగ్గర కనపడాల్సిన నేల కనపడలేదు. కనపడ్డాక, బరువెక్కిన విమానాన్ని మళ్ళీ పైకెత్తేలోపే కొమ్మలు ముక్కుకి తగిలాయి.

“మీరెవరు పిలిస్తే వచ్చారు?” అన్నారు ఇస్త్రీగారు, బల్ల మీది కాగితాన్ని అరచేత్తో సాపు చేస్తూ.

“పైలట్ పిలిస్తే.”

“పైలట్ తరఫున మేమున్నాం కదా. తప్పు కిందవాళ్ళదని తేలిపోయింది. చూడకుండానే చెప్పానని ఈవిడ దీని మీద సంతకం పెట్టేస్తే అయిపోతుంది. మూడింటికి పోలీసు జీపు వస్తోంది.”

“విమానం నేలమీద పడితే అవమానం ఎవరి మీద పడాలో ముందే చూసి పెట్టారన్నమాట,” అన్నారు పడిశంగారు కుర్చీ లాక్కుంటూ. “మీ పైలట్ ఏమన్నాడో వినండి. నాలుగేళ్ళ నించీ ఆవిడ గొంతు విని దిగుతున్నాను, ఆ గొంతులో అబద్ధం లేదు, సంగతేంటో కనుక్కోండి అన్నాడు. కాలికి కట్టు, చేతికి సూది, అయినా ముందడిగింది ఈవిడ గురించే.”

మబ్బులక్క మొదటిసారి తలెత్తింది. “ఆయన అలా అన్నారా?”

“అన్నాడమ్మా. ఇంకోటి కూడా అన్నాడు. ‘చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలోనూ మబ్బు నేల మీదే పడుకుంది, ఎక్కడికీ పోలేను. పైనే చక్కర్లు కొడదామంటే రెక్కల మీద మంచు పేరుకుంటోంది, బరువెక్కిపోతున్నాం. అందుకని ఇంకొంచెం, ఇంకొంచెం అని దిగింది నేనే. అది కూడా రాసుకోండి’ అన్నాడు.”

“అది రాసుకోనక్కర్లేదు,” అన్నారు ఇస్త్రీగారు.

“మీకు రాయనక్కర్లేనివే నాకు కావాలి.”

ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి చెంగు తీసుకుంది. పడిశంగారు రెండో రుమాలు తీసి బల్ల మీద పెట్టారు. “ఇది ఉతికిందేనమ్మా. నా ముక్కుకీ దీనికీ ఇంకా పరిచయం కాలేదు.”

ఆవిడ పెదవి కదిలింది. నవ్వు దాకా రాలేదు గానీ దారి మాత్రం అదే.

పడిశంగారు గదంతా ఒకసారి చూశారు. మూడు గోడలకి మూడు పెద్ద కిటికీలు. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక ఫోను, మూలన కాళ్ళు వెచ్చబెట్టుకునే చిన్న హీటరు. తలుపు పక్కన గోడకి రెండు మేకులు. ఒకదానికి ఆవిడ వానకోటు వేలాడుతోంది. రెండోది ఖాళీ. ఆ ఖాళీ మేకు కింద సున్నం అరిగి, వెడల్పాటి పట్టీలాంటి మచ్చ ఉంది. ఏదో బరువైనది ఏళ్ళ తరబడి అక్కడే వేలాడినట్టు. బల్ల చివర రెండు గిన్నెల డబ్బా. రెండు చెంచాలు. ఒక్క గిన్నె మూతే తీసి ఉంది.

అన్నిటికంటే ఆయన్ని ఆపింది ఆవిడ కుర్చీ. ఆకాశం చూసి బతికే మనిషి, మూడు పక్కలా కిటికీలున్న గదిలో, కొండ వైపు కిటికీకి వీపు పెట్టి కూర్చుంది.

“సరేనమ్మా, మొదట్నించీ వద్దాం,” అన్నారు. “మబ్బు అడుగు ఆరు వందల అడుగులన్నావు. ఆ అడుగు నీకెలా తెలిసిందని అడుగుతున్నాను. అడుగడుగునా అడుగులే అయ్యాయి గానీ, ప్రశ్న ఒకటే.”

“చూశాను. చెప్పాను.”

“యంత్రంలో చూశావా?”

“యంత్రం పనిచెయ్యడం లేదండీ. పైకప్పు మీదుంటుంది. దాని అద్దంలోకి చెమ్మ దిగింది. మబ్బు లేనప్పుడు ఉందంటోంది, ఉన్నప్పుడు లేదంటోంది.”

“బాగుచెయ్యలేదేం?”

“బాగుచేసేవాళ్ళు విమానంలో రావాలండీ.”

“మబ్బు ఎంత ఎత్తులో ఉందో తెలిస్తే గానీ విమానం రాదు. విమానమొస్తే గానీ మబ్బు ఎంత ఎత్తులో ఉందో తెలీదు. మా ఆవిడా నేనూ కూడా పెళ్ళయిన కొత్తలో ఇలాగే ఉండేవాళ్ళం. ముందు నువ్వు మాట్లాడు అంటే ముందు నువ్వు మాట్లాడు అని.” ఒక తుమ్ము తుమ్మి గొంతు సవరించుకున్నారు. “యంత్రం లేదు కదా. మరి దేన్ని చూసి చెప్పావు?”

“చూశానండీ. చెప్పాను.”

“ఏది చూశావమ్మా?”

ఆవిడ రుమాలుని నాలుగు మడతలు పెట్టింది. విప్పింది. మళ్ళీ పెట్టింది.

“ఇదే పాట,” అన్నారు ఇస్త్రీగారు. “పొద్దుట్నించీ ఇదే వింటున్నాను. నిజంగా చూసిన మనిషి ఏం చూసిందో చెప్పదా? చెప్పడం లేదంటే చూడలేదనేగా. ఏ హీటరు పక్కనో కునుకు తీసి, నోటికొచ్చిన అంకె చెప్పేసింది.”

“కునుకు తీసిన మనిషి ‘కళ్ళు మూతపడ్డాయండీ, తప్పైపోయింది’ అని ఏడుస్తుంది. లేదంటే చూశానని దబాయిస్తూ పది అబద్ధాలు కలిపి చెబుతుంది. ఈవిడ రెండూ చెయ్యడం లేదు. నోట్లో ఏదో దాచుకుని కూర్చుంది.”

“మీ ఊహలకి విలువెంత?”

“మీ కాగితమంత. ఇంకా సంతకం పడలేదుగా.”

ఇస్త్రీగారు కాగితం మీద అరచెయ్యి అదిమి పెట్టారు. “ఆ విమానంలో ఒక పెద్దావిడ ఉంది. చెయ్యి విరిగింది. ఒకమ్మాయి ఇప్పటికీ నిద్రలో కేకలు పెడుతోందట. వాళ్ళ దగ్గరికెళ్ళి జోకులెయ్యండి. నేను వెళ్ళాను. వాళ్ళు అడిగింది ఒక్కటే, ఎవరి వల్ల అని. జవాబు చెప్పొద్దా?”

ఇస్త్రీగారిలో మనిషి లేడని పడిశంగారెప్పుడూ అనుకోలేదు. ఆ మనిషి మరీ అడుగు మడతలో ఉంటాడు, అంతే.

“చెప్పాలి,” అన్నారు పడిశంగారు. “సరైన జవాబే చెప్పాలి. అందుకే ఆలస్యం.”

మళ్ళీ మబ్బులక్క వైపు తిరిగారు. “అమ్మా, పని సంగతి వదిలెయ్. రోజూ ఇద్దరికి వండి తెస్తావా?”

ఆవిడ చూపు డబ్బా మీద పడి, మేకు మీదికెళ్ళి, నేల మీదికొచ్చేసింది. ఇంతసేపూ అడిగిన ఏ ప్రశ్నకీ రాని భయం ఈ ప్రశ్నకి వచ్చింది.

“ఒక్కోసారి ఆకలెక్కువేస్తుందండీ,” అంది.

మొదటి గిన్నెలో సగం అలాగే ఉంది.

అప్పుడే మెట్ల మీద చప్పుడైంది. కంట్రోలు ఆఫీసరు రొప్పుతూ వచ్చాడు. విమానాల రాకపోకలన్నీ అతని చేతిలో ఉంటాయి, పొట్ట మాత్రం ఎప్పుడో చెయ్యి దాటిపోయింది.

“ఏమనుకోకండి, రెండు నిమిషాలు. పైలట్‌ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి విమానం వస్తోంది. నాలుగు రోజుల తర్వాత ఇదే మొదటిది. దగ్గరికొచ్చేసింది, మబ్బు ఎంతుందని అడుగుతోంది. అక్కని పక్కన పెట్టమన్నారు కదా, నేనే చూడాలి.”

అతను కొండ వైపు కిటికీ దగ్గరికెళ్ళి, అద్దం మీది చెమ్మ మోచేత్తో తుడిచి, కళ్ళు చిన్నవి చేసి చూశాడు. ఫోనెత్తి కింది గదికి చెప్పాడు. “దీపం కనిపిస్తోంది. ఆరు వందలని చెప్పు. రమ్మను.”

మబ్బులక్క చెయ్యి బల్ల మీంచి లేచింది. ఫోను వైపు జానెడు వెళ్ళింది. వెనక్కొచ్చి ఒళ్ళో పడింది.

ఆ జానెడు దూరాన్ని పడిశంగారు చూశారు.

“ఏం దీపమయ్యా?” అన్నారు.

కంట్రోలు ఆఫీసరు వింతగా చూశాడు. ఈ సంగతి తెలియని మనిషి ఉంటాడని అతనికి తట్టలేదు. “అదేనండీ, కొండ మీది దీపం. అక్కడ పాత రేడియో స్టేషన్ స్తంభం ఉంది కదా. స్టేషన్ ఎప్పుడో మూసేశారు. విమానాలు గుద్దుకోకుండా కొసన ఎర్ర దీపం మేమే పెట్టించాం. మన రన్‌వే నించి లెక్కేస్తే ఆ కొస సరిగ్గా ఆరు వందల అడుగులు. యంత్రం మూలబడితే మాకందరికీ అదే కొలత. దీపం కనపడితే మబ్బు దానికంటే పైనుంది. దీపం కనిపిస్తే దిగొచ్చు. ఇక్కడ ఊడ్చేవాళ్ళని అడిగినా చెబుతారు.”

“ఈ ముక్క నాకెవరూ చెప్పలేదే,” అన్నారు ఇస్త్రీగారు.

“మీరు అడగలేదండీ. ఆవిడ ఎన్ని అడుగులని చెప్పిందీ అని ఒక్కటే అడిగారు. చెప్పాను.”

పడిశంగారు లేచి కిటికీ దగ్గరికెళ్ళారు. బయట ఆకాశమూ లేదు, కొండా లేదు. తడిసిన దుప్పటి ఆరేసినట్టు ఒకటే బూడిదరంగు. వారం నించీ ఆ దుప్పటి ఎత్తిందీ లేదు, దులిపిందీ లేదు. ఆ మసకలో, దూరంగా, ఒక్క ఎర్ర చుక్క.

“ప్రమాదం జరిగిన పొద్దున కూడా దీపం కనిపించిందా?”

“కనిపించిందండీ. నేనూ చూశాను. పెట్రోలు పోసే అతనూ చూశాడు.”

“చూశారా ఇస్త్రీగారూ. ‘దీపం చూశానండీ’ అని ఈవిడ ఒక్క మాటంటే చాలు. సాక్షులు కూడా ఉన్నారు. మీ కాగితం చిత్తు కాగితమైపోయేది. తనని తాను బయటపడేసే మాట ఒక్కటుంటే, ఈవిడ అదొక్కటే మింగేసింది. ఎందుకంటారు?”

ఇస్త్రీగారు కాగితం మీంచి చెయ్యి తీశారు.

“దీపం కనిపించిందని వీళ్ళంటున్నారు. మూడు వందల పైచిలుకు అడుగుల దాకా మబ్బులోనే ఉన్నానని పైలట్ అంటున్నాడు. కింది నించి చూసినవాళ్ళదీ నిజమే, పైనించి చూసినవాడిదీ నిజమే.” గొంతు గదిని దాటి మెట్ల దాకా వెళ్ళింది. “అందరూ నిజమే చెబితే, అబద్ధం చెప్పింది ఆ దీపం. ఏమయ్యా కంట్రోలూ, నీకు స్తంభం కొస కనిపిస్తోందా?”

“ఈ మసకలో స్తంభమేం కనపడుతుందండీ. దీపమే కనపడుతుంది.”

“అంటే దీపం కొసనే ఉందని నీకు తెలుసు. చూడలేదు.”

కంట్రోలు ఆఫీసరు అద్దం మళ్ళీ తుడిచి చూశాడు.

“ఏమిటి మీరనేది?” అన్నారు ఇస్త్రీగారు. “దీపం కొసనుంచి దిగి మరోచోటికి నడిచిందా? దానికి కాళ్ళొచ్చాయా?”

“కాళ్ళున్నవాళ్ళెవరో చూసుకుంటూ ఉంటారు కదా దాన్ని. ఎవరయ్యా?”

“ఇంకెవరండీ, అక్క తమ్ముడే. చిన్నోడంటాం. ముప్ఫై ఏళ్ళొచ్చినా చిన్నోడే. అది బ్యాటరీ దీపం, అలాంటివి రెండున్నాయి. నెలకోసారి పైకెక్కి, బ్యాటరీ అయిపోయినదాన్ని దించి, కొత్త బ్యాటరీ వేసినదాన్ని కట్టాలి. చీకటి పడినా మసకేసినా దానంతటదే వెలుగుతుంది, ఆర్పడానికి మీట కూడా ఉండదు.” అలవాటుగా తలుపు పక్కకి చూపించాడు. “స్తంభమెక్కేటప్పుడు వాడు నడుముకి కట్టుకునే బెల్టు ఎప్పుడూ ఆ మేకుకే... లేదే. ఇవాళ కూడా పనికెళ్ళాడా ఏమిటి? మధ్యాహ్నం భోజనానికి ఇక్కడికే వస్తాడు. అక్కే పెంచింది వాణ్ణి.”

“ఈమధ్య వాడికేమైనా దెబ్బ తగిలిందా?”

“పోయినేడు ఇంటి దగ్గర నిచ్చెన మీంచి పడ్డాడు. కాలు బెణికింది. ఇప్పుడు బానే ఉన్నాడు.”

పడిశంగారు మబ్బులక్క ముందుకొచ్చి, మోకాళ్ళు నొప్పెడుతున్నా కిందికి వంగారు, ఆవిడ మొహానికి ఎదురుగా.

“కాలికేనా అమ్మా తగిలింది?”

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు నిలిచి, ఒక్కటీ పడకుండా ఆగిపోయాయి.

“నీ ఉద్యోగం పోతే పోయింది, తమ్ముడు బయటపడితే చాలనుకుంటున్నావు. నేనైనా అదే అనుకుంటానేమో. నాకూ ఒక చెల్లెలుంది. కానీ పైన ఇంకో విమానం ఉందమ్మా. అందులో ఉన్నవాళ్ళకీ అక్కలుంటారు.”

దూరంగా, మబ్బులో ఎక్కడో, ఇంజను మోత మొదలైంది.

“డిటెక్టివ్‌గారూ,” అన్నారు ఇస్త్రీగారు కిటికీ దగ్గర్నుంచి. ఆయన గొంతులో ఉన్న గంజంతా కారిపోయింది. “ఒకసారి ఇటు రండి. దీపం కదులుతోంది.”

ముగ్గురూ కిటికీకి అతుక్కుపోయారు. ఎర్ర చుక్క కొంచెం పైకి జరిగింది. ఆగింది. పక్కకి ఊగింది. మళ్ళీ కొంచెం పైకి జరిగింది. నిచ్చెన ఎక్కే మనిషి వీపున కట్టుకున్న దీపం ఎలా కదులుతుందో సరిగ్గా అలాగే.

మబ్బులక్క వెనక్కి తిరిగింది. నాలుగు రోజుల తర్వాత ఆ కిటికీ వైపు చూడటం అదే మొదలు.

“వద్దన్నాన్రా,” అంది. ఎవరితోనూ కాదు, అద్దంతో. “ఎక్కొద్దని చెప్పాను కదరా.”

తర్వాత మాటలు వాటంతటవే వచ్చేశాయి. “వాడికి కళ్ళు తిరుగుతాయండీ. ఆ పడ్డప్పట్నుంచీ ఎత్తుకెళితే భూమి తిరిగిపోతుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పని తీసేస్తారని. ప్రమాదానికి ముందురోజు దీపం మార్చడానికెళితే స్తంభం మెట్లకి మంచు పట్టి గాజులా ఉన్నాయట. సగందాకా ఎక్కి, ఇంక వల్లకాక, అక్కడున్న పలక మీదే కొత్త దీపం కట్టేసి దిగొచ్చాడు. ఎండొచ్చాక పైకి మారుద్దామనుకున్నాడు. వాడి ఆలోచనంతా దీపం వెలగాలనే. వెలిగింది. దాని ఎత్తు చూసే నేను కొలుస్తానని, ఇక్కడ అందరికీ తెలిసినా వాడొక్కడికే తెలీదు. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చెప్పలేదు. వాడు కడతాడు, నేను చూస్తాను. ఒక్క దీపం, ఇద్దరి పని. మధ్యాహ్నం ఎదురెదురుగా కూర్చుని ఎన్నో మాట్లాడుకునేవాళ్ళం, అదొక్కటీ ఎప్పుడూ రాలేదు.”

“ప్రమాదం తర్వాత నీకు చెప్పాడా?”

“ఆ సాయంత్రమే. నా కాళ్ళ దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంతా చెప్పేస్తానన్నాడు. నేనే నోరు మూసుకోమన్నాను. మూడింటికి నన్ను తీసుకెళతారని ఎవరో చెప్పుంటారు. దీపం దాని చోట పెట్టేస్తే అక్క మాట నిజమవుతుందనుకున్నాడు, పిచ్చివాడు.”

ఇస్త్రీగారు గడియారం చూసుకోబోయి మానేశారు.

ఎర్ర చుక్క ఇంకో నాలుగు మెట్లు ఎక్కింది. దాని అంచులు చెదిరాయి. నీళ్ళలో పడ్డ సిరాబొట్టులా పలచబడింది. తర్వాత లేదు.

దీపం మబ్బులోకి వెళ్ళిపోయింది. మబ్బు ఎక్కడుందో కొలిచి చూపించి మరీ వెళ్ళింది. సగం స్తంభానికి, అంటే మూడు వందల యాభై అడుగులకి, కొద్ది మెట్లు పైన.

ఇంజను మోత దగ్గరపడింది. ఈసారి మబ్బులక్క చెయ్యి జానెడు దగ్గర ఆగలేదు. కంట్రోలు ఆఫీసరు కదిలేలోపే ఫోను ఆవిడ చెవి దగ్గరుంది. గొంతు మారిపోయింది. ఏడుపు లేదు, వణుకు లేదు. పైలట్ నాలుగేళ్ళుగా నమ్మిన గొంతు అది.

“పరిశీలన గది నించి. మబ్బు అడుగు నాలుగు వందలకి లోపే. ఆరు వందలన్నది తప్పు. విమానాన్ని దింపొద్దు, పైకి పంపించెయ్.”

“అక్కా, మీరా?” అవతలి గొంతు గదంతా వినపడింది. “దీపం కనిపిస్తోందన్నారు కదా?”

“కనిపించడం లేదు.”

“సార్ ఇప్పుడే...”

“నేను చూస్తున్నాను. కనిపించడం లేదు. పంపించెయ్.”

నెత్తిమీద మోత ఒక్క క్షణం కిటికీ అద్దాలు వణికేంత కిందికొచ్చింది. తర్వాత గొంతు పెంచి, ఎక్కి, ఎక్కి, మబ్బుల్లో దూరమైపోయింది. కంట్రోలు ఆఫీసరు కుర్చీలో కూలబడ్డాడు. ఆ విమానంలో వెళ్ళాల్సిన పైలట్ ఇవాళ రోడ్డు మీద వెళతాడు. ఎగుడుదిగుడు దారిలో కాలు నొప్పెడుతుంది. కానీ ఆ విమానంలో ఉన్నవాళ్ళ కాళ్ళు వాళ్ళకుంటాయి.

ఇస్త్రీగారు బల్ల దగ్గరికొచ్చారు. కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. ఆయన ఒక కాగితాన్ని అంత వంకరగా మడవడం ఎవరూ చూసి ఉండరు.

“కొండకి దారెటు?” అన్నారు. “నా జీపు కిందుంది.”

“గేటు దాటి ఎడమకండీ,” అన్నాడు కంట్రోలు ఆఫీసరు.

ఇస్త్రీగారు తలుపు దాకా వెళ్ళారు. అప్పుడు మబ్బులక్క గొంతులోంచి మాట కాని చప్పుడొకటి వచ్చింది.

ఎర్ర చుక్క మబ్బులోంచి బయటికొచ్చింది. ఆగలేదు, ఊగలేదు. మనిషి మోసుకొస్తే దిగే తీరు కాదది. తిన్నగా, ఒక్క ఊపున జారి, స్తంభం మొదట్లో ఆరిపోయింది.

ఫోను ఆవిడ చేతిలోనే ఉంది. తలుపు దగ్గర ఇస్త్రీగారు బొమ్మలా నిలబడిపోయారు.

పడిశంగారు ఆవిడ భుజం పట్టుకుని, కిటికీ నించి తలుపు పక్క గోడ వైపు తిప్పారు.

“ఆ మేకు చూడమ్మా. ఖాళీగా ఉంది. బెల్టు తీసుకెళ్ళాడు. దీపం వీపున మోసుకెళ్ళాడు, బెల్టు నడుముకి పెట్టుకున్నాడు. బెల్టు స్తంభానికి తగిలించకుండా ఒక్క మెట్టైనా ఎక్కుతాడా వాడు?”

“ఎక్కడు,” అంది ఆవిడ. పెదవులే కదిలాయి. “పనిలో చేరినప్పట్నుంచీ ఎక్కడు. రెండుసార్లు లాగి చూసుకుంటాడు.”

“అయితే పడింది దీపం. వాడు పైనే ఉన్నాడు. చుట్టూ ఏమీ కనపడక, కళ్ళు తిరిగి, స్తంభాన్ని కావలించుకుని ఉన్నాడు. ఎక్కలేడు, దిగలేడు. ఎంతసేపు పట్టుకోగలడో తెలీదు. ఇస్త్రీగారూ, పదండి.”

ఇదంతా ఆయన చాలా మెల్లగా చెప్పారు. ఆ గొంతుకి మెల్లగా మాట్లాడటం వచ్చని గదిలో ఎవరికీ తెలీదు. మెట్ల మీద ఇద్దరి అడుగుల చప్పుడు దిగిపోయింది. ఒకటి తుమ్ముతూ, ఒకటి తుమ్మకుండా.

ఫోన్లో కింది గది ఇంకా అడుగుతూనే ఉంది. “అక్కా, లైన్లో ఉన్నారా? దీపం కనిపిస్తోందా?”

మబ్బులక్క కిటికీ వైపు తిరిగింది. చెమ్మ పట్టిన అద్దాన్ని పడిశంగారి రుమాలుతో తుడిచింది.

“లేదు. దీపం లేదు,” అంది, ఏ రోజూ తడబడని ఆ గొంతుతోనే. “మనిషున్నాడు. నిచ్చెనలున్నవాళ్ళనీ తాళ్ళున్నవాళ్ళనీ అందరినీ కొండకి పంపించు. పైకెక్కేవాళ్ళతో చెప్పు, వాణ్ణి పేరు పెట్టి పిలవొద్దు. చిన్నోడా అని పిలవమను. అలా పిలిస్తేనే పలుకుతాడు.”